దూరము మారలేదు, దారి మారినది

ఫిన్లండు రాజధాని హెల్సింకి నుండి టోక్యోకు భూగోళముపై కొలిచిన సూటిదారి సుమారు 7,800 కిలోమీటర్లు. 2022 ఫిబ్రవరి వరకు ఫిన్ ఎయిర్ విమానము దీనిని దాదాపు తొమ్మిదిన్నర గంటలలో దాటుచుండెను. ఆ మార్చి నుండి పదమూడు గంటలు పట్టసాగినది. హెల్సింకి కదలలేదు, టోక్యో కదలలేదు. నడుమనున్న సైబీరియా ఆకాశమునకు తలుపు పడినది.

2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయినుపై దండెత్తగా, ఐరోపా రాజ్యములు తమ గగనతలమును రష్యను విమానములకు మూసివేసినవి. 28న రష్యా 36 దేశముల విమానసంస్థలకు ఆ మర్యాదనే తిరిగి చెల్లించినది. ఈ దెబ్బ ఫిన్లండుకు తగిలినంతగా ఇతరులకు తగిలియుండదు. ఐరోపా నుండి తూర్పు ఆసియాకు పోవు దగ్గరదారి తన వాకిటనుండియే పోవునను భూగోళ సత్యముమీదనే ఆ సంస్థ తన ఆసియా వ్యాపారమును కట్టుకొనియుండెను. ఒక విమానము రేయింబవళ్లలో టోక్యోకు పోయి తిరిగి రాగలుగుటయే అందలి కీలకము. పదమూడును పదమూడును కలిసిన ఇరువదియారు, దినమునకున్నవి ఇరువదినాలుగే. కావున నష్టము ఇంధనముతో తీరలేదు. అదే సేవకు అధికముగా విమానములు, అధికముగా వైమానికులు కావలసివచ్చిరి.

క్రొత్తదారి నిజమునకు పాతదే. సోవియట్ భూమిని తప్పించుకొనుచు 1983లో ఆ సంస్థయే ఉత్తర ధ్రువము మీదుగా టోక్యోకు ఎక్కడను ఆగని విమానమును నడపినది. ముప్పదితొమ్మిదేండ్లకు మరల ఆ మంచుదారి పట్టి, ప్రయాణికులకు ధ్రువము దాటినట్లు ధ్రువపత్రములు పంచిపెట్టినది. ఆలస్యమునకు ఇంతకంటె ముచ్చటైన పరిహారము దొరకుట కష్టమే!

చట్టము రష్యా పక్షముననే యున్నది. తన నేలపైని ఆకాశమునకు ప్రతి రాజ్యమును పూర్ణాధికారి యని 1944 నాటి షికాగో ఒడంబడిక మొదటి నిబంధనయే చెప్పుచున్నది. దిగకుండ దాటిపోవు హక్కును పరస్పరము ఒసగుకొను వేరొక ఒప్పందము ఆనాడే కుదిరినను, రష్యాగాని చైనాగాని అందు చేరలేదు. నిషేధములేని చైనా విమానములు సైబీరియా మీదుగానే ఐరోపాకు పోవుచుండగా, వానితో పోటీపడు ఐరోపా సంస్థలు చుట్టుదారిన నడచినవి. ఒకే రెండు పట్టణముల నడుమ విమానము తోకపైనున్న జెండాను బట్టి ప్రయాణకాలము మారుట వింతయే.

భారతదేశపు విమానములకు రష్యా దారి మూయలేదు. ఆ సదుపాయమునకును ఒక మూల్యము కలదు: 2023 జూన్‌లో ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవుచున్న ఎయిర్ ఇండియా విమానము యంత్రదోషముచేత రష్యా తూర్పుకొసనున్న మగదాన్‌లో దిగగా, రెండువందలకు పైబడిన ప్రయాణికులు మరియొక విమానము వచ్చువరకు అచ్చటనే చిక్కుకొనిరి.

మనకు తలుపు పడినది పడమట. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాను తన ఆకాశమును భారత విమానములకు మూసినది. ఆ నెలాఖరున భారతదేశమును ప్రతిగా మూసినది. షికాగోనాటి ఆ దాటిపోవు ఒప్పందములో ఈ రెండు దేశములును భాగస్వాములే! ఢిల్లీ నుండి అమెరికాకు ఏకబిగిని పోవుచుండిన విమానములు కొన్ని ఇంధనమునకై వియన్నాలోను కోపెన్‌హాగెన్‌లోను దిగవలసివచ్చెను. విమానముల కొరతయు దీనికి తోడుకాగా, ఢిల్లీ–వాషింగ్టన్ సేవను ఎయిర్ ఇండియా 2025 సెప్టెంబరు 1 నుండి నిలిపివేసినది.