ఇంటి పద్దు: అడగకుండా అమ్మిన ఆవు

ఈ శీర్షిక కింద ఇంతవరకు పొదుపు, అప్పు, నామినేషను, వీలునామా వంటి డబ్బు సంగతులే రాస్తూ వచ్చాను. ఈసారీ పద్దు సంగతే, కాని డబ్బు పద్దు మాత్రమే కాదు. ఇంట్లో ఒకరు పెద్దజబ్బుతో మంచాన పడితే, కొట్టంలో నోరులేని జీవాలు మేత కోసం ఎదురుచూస్తుంటే, ఆ ఇల్లు ఎలా నడుస్తుందన్నది ఈసారి విషయం. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. దాచకుండా రాయమని మా ఆవిడే అన్నది.

మాది హోసూరు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బెంగుళూరు బస్సెక్కితే కన్నడం. మా ఆవులకు కూడా మూడు భాషలూ వచ్చని మా ఆవిడ నవ్వుతూ అనేది. నేను బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేస్తాను. ఆవులు మాత్రం పూర్తిగా ఆవిడవే. పద్దెనిమిదేళ్లుగా కొట్టంలో రెండావులకు తగ్గకుండా సాకుతూ వచ్చింది. పాల సొసైటీ డబ్బు ఆవిడ ఖాతాలోనే పడేది. మా అమ్మాయి కాలేజీకి కట్టిన మొదటి ఫీజు ఆ ఖాతాలోదే.

2023 జులైలో ఆవిడకు రొమ్ము క్యాన్సరు అని తేలింది. ఆగస్టులో బెంగుళూరులో ఆపరేషను జరిగింది. సెప్టెంబరు నుంచి ఇరవై ఒక్క రోజులకొకసారి చొప్పున ఎనిమిది సార్లు కీమో మందు ఎక్కించాలన్నారు. అప్పటికి కొట్టంలో పాలిచ్చే లక్ష్మి, సూడితో ఉన్న గౌరి, వాకిట్లో మణి అనే కుక్క ఉన్నాయి.

డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. ఈ మందు జబ్బు కణాలతో పాటు రక్తంలోని తెల్లకణాలనూ తగ్గిస్తుంది. మందు ఎక్కించిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు అవి సాధారణంగా బాగా తక్కువగా ఉంటాయి. ఆ రోజుల్లో మామూలు మనిషికి ఏమీ చేయని క్రిమి కూడా రోగికి ప్రమాదమే. కనుక పేడ ఎత్తరాదు, కొట్టం కడగరాదు, ఆవు ఈనే చోట ఉండరాదు, పచ్చిపాలు నోట పెట్టరాదు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలి. ఆయన చెప్పినదంతా మా ఆవిడ విని, "మరి పాలు ఎవరు పితుకుతారు?" అని అడిగింది. ఆయన నా వైపు చూశారు.

నేను తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కొట్టంలోకి వెళ్లడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు మా నాయన దగ్గర పాలు పితకడం నేర్చుకున్నవాణ్ణే. కాని లక్ష్మి నా చేతికి చేపలేదు. చెంబు నిండాల్సిన చోట అడుగు తడిసేది. దూడను వదిలినా కాలు విదిలించేది. ఇక నాకు బ్యాంకు వేళ మించిపోయేది. పదో రోజుకు పొదుగు ఒకవైపు గట్టిపడి, పాలు విరిగినట్టు రాసాగాయి. పశువుల డాక్టరుగారు చూసి పొదుగువాపు అన్నారు. పాలు పూర్తిగా తీయకుండా పొదుగులో నిలవ ఉంచితే ఈ జబ్బుకు అవకాశం ఎక్కువట. సూదిమందు వేశాక ఆయన చెప్పిన రోజులు గడిచేదాకా ఆ పాలు సొసైటీలో పోయకూడదు, ఇంట్లో తాగకూడదు. వచ్చిన కాసిన్ని పాలూ పారబోశాను.

అప్పుడు నేను కాగితం తీసి లెక్క వేశాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. ఒకవైపు దాణా, చెక్క, ఎండుగడ్డి, వైద్యం, నా సెలవులు. మరోవైపు రాని పాలు. గౌరి డిసెంబరు చివర ఈనుతుంది. అది సరిగ్గా కీమో మధ్యలో పడుతుంది. రాత్రంతా కాపలా, మాయ పడే దాకా చూసుకోవడం, దూడకు జున్నుపాలు పట్టడం నావల్ల కావు. సూడి ఆవుకు ధర కూడా బాగా పలుకుతుంది. లెక్క తప్పు లేదు. అక్టోబరులో మూడో కీమోకు ఆవిడ రెండు రోజులు ఆసుపత్రిలో ఉండగా, దళారి ద్వారా గౌరిని నలభై ఎనిమిది వేలకు అమ్మేశాను. ఈ స్థితిలో ఆవిడకు చెప్పి బాధపెట్టడం ఎందుకు, కాస్త కోలుకున్నాక చెబుదాం అనుకున్నాను.

ఇంటికి వచ్చిన రోజు కారు దిగగానే మణి కాళ్లకు చుట్టుకోబోతే అమ్మాయి పట్టుకుంది. ఆవిడ గోడ పట్టుకుని నిలబడి కొట్టం వైపు చూసింది. ఒక గుంజకు పలుపు లేదు.

"గౌరి ఏదండీ?"

చెప్పాను. ధర కూడా చెప్పాను, ధర విని సంతోషిస్తుందేమోనని. ఆవిడ లోపలికి వెళ్లి పడుకుంది. రెండు రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. మూడో రోజు గంజి తాగి గిన్నె నా చేతికిస్తూ అన్నది: "నాకు జబ్బు వచ్చింది గాని నోరు పోలేదు గదండీ. అడిగి ఉంటే నేనే అమ్మమనేదాన్ని. ఎవరికి ఇవ్వాలో, దాని మేత అలవాటు ఏమిటో చెప్పి పంపేదాన్ని. నన్ను అప్పుడే లేనిదాన్ని చేశారు."

ముప్పై ఏళ్ల సర్వీసులో ఖాతాదారు సంతకం లేకుండా ఒక్క రూపాయి కదిలించినవాణ్ణి కాను. ఇంట్లో మాత్రం యజమాని బతికి ఉండగానే ఖాతా మూసేశాను. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ సాయంత్రమే వరండాలో కుర్చీ వేయించుకుని, కొట్టానికి పది అడుగుల దూరంలో కూర్చుంది. "నా పాతచీర భుజాన వేసుకోండి. ముందు పొదుగు గోరువెచ్చని నీళ్లతో కడగండి. తవుడు తొట్టిలో పోశాకే చెంబు చేతబట్టండి. తొందరపడకండి, దానికి మీ తొందర తెలుస్తుంది" అని చెప్పుకొచ్చింది. ఆ చీర వాసనో, ఆవిడ గొంతో, లక్ష్మి ఆ పూట చేపింది. నేను పదిహేను రోజులు పడ్డ యాతనకు విరుగుడు పక్కగదిలోనే ఉందన్నమాట. అడగలేదు, అంతే.

తర్వాత నెలరోజులు ఆవిడ చెప్పడం, అమ్మాయి ఒక నోటుపుస్తకంలో రాయడం. ఏ పూట ఎంత దాణా, పొదుగు ఎలా కడగాలి, గాలికుంటు టీకా ఎప్పుడు, ఏ దుకాణంలో చెక్క మంచిది, అన్నీ అందులో ఎక్కాయి. నవంబరులో ఆవిడే నిర్ణయించి లక్ష్మిని మా చిన్నాయన కొడుకు ఇంటికి తోలించింది. పాలు వాళ్లవి, మేత వాళ్లది, దూడ మాది అని ఒప్పందం. నోటుపుస్తకం కూడా ఆవుతో పాటే వెళ్లింది.

గౌరి సంగతి. దళారిని పట్టుకుని అడిగితే బాగలూరు దారిలో ఒక రైతు ఇంటికి చేరిందని తెలిసింది. వెళ్లి, డబ్బు తిరిగి ఇస్తాను, ఆవును ఇవ్వమన్నాను. నెలలు నిండుతున్న ఆవును ఎవరిస్తారు? ఆ ఇంటి ఇల్లాలు ఇవ్వనన్నది, కాని మా ఆవిడతో ఫోనులో మాట్లాడింది. ఆ తర్వాత వాళ్లిద్దరే మాట్లాడుకునేవారు. డిసెంబరు ఆఖరి వారంలో పెయ్యదూడ పుట్టిందని, ఆ అబ్బాయి సైకిలు మీద ఒక క్యాను జున్నుపాలు తెచ్చి ఇచ్చాడు. బెల్లం, మిరియాలు వేసి బాగా ఉడికించి జున్ను చేశాం. కీమో వల్ల ఆవిడకు అప్పటికి నోట రుచి పోయింది. ఒక చెంచా తిన్నది. "తీపి తెలియడం లేదండీ. అయినా పెట్టండి" అన్నది.

ఇలాంటి స్థితి ఎవరికీ రాకూడదు. వస్తే ఉపయోగపడతాయని, మేము నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నాను.

1. జీవాల విషయంలో మొదటి మాట రోగిదే. ఉంచాలా, అమ్మాలా, ఎవరికైనా అప్పగించాలా అన్నది ఆపరేషనుకు ముందే, ఓపిక ఉండగానే అడగండి. అమ్మవలసి వస్తే ఎవరికి అన్నదీ ఆ మనిషినే చెప్పనివ్వండి.

2. పశువు అలవాట్లన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టండి. ఇంట్లో ఇద్దరికైనా పాలు పితకడం వచ్చి ఉండాలి. ఆవుకు ఆదివారం లేదు, ఆసుపత్రి తేదీ తెలియదు.

3. పశువును కొట్టం దాటించలేనప్పుడు డాక్టరు వచ్చి చూసే సంచార వైద్యవాహనం కోసం 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

4. బీమా ఉంటే చెవి ట్యాగు ఊడకుండా చూసుకోండి. ట్యాగు లేకపోతే క్లెయిము రాదు. ఆవు చేతులు మారితే బీమా సంస్థకు తెలియజేయాలి. దాణా ఖర్చుకు ఇబ్బంది అయితే హడావుడిగా తెగనమ్మకుండా బ్యాంకులో అడగండి. కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయాన్ని 2018-19 కేంద్ర బడ్జెట్టులో పశుపోషకులకూ విస్తరించారు.

5. బెంగుళూరు, పూనా ఫ్లాట్లలో ఆవులు లేకపోయినా కుక్కో పిల్లో ఉంటుంది. దాన్ని వెంటనే ఎవరికో ఇచ్చేయనక్కరలేదు. మా మణి ఇంట్లోనే ఉంది. టీకాలు వేయించాం, పడక మీదికి రానివ్వలేదు, మొహం నాకనివ్వలేదు, తాకిన ప్రతిసారీ ఆవిడ సబ్బుతో చేతులు కడుక్కుంది. దాని మలమూత్రాలు ఎత్తే పని మాది. అయినా మీ రోగి సంగతి మీ డాక్టరునే అడిగి తెలుసుకోండి.

2024 ఫిబ్రవరిలో ఎనిమిదో కీమో అయింది. తర్వాత రేడియేషను పూర్తయింది. ఇప్పటికీ వేళకు పరీక్షలకు వెళ్లివస్తున్నాం. రిపోర్టు వచ్చేదాకా ఇద్దరికీ నిద్ర ఉండదు. లక్ష్మి తిరిగి వచ్చింది. తెల్లవారుజామున పాలు నేనే పితుకుతున్నాను, ఆ పాతచీర భుజాన వేసుకునే. రెండో గుంజ ఖాళీగానే ఉంది. అక్కడ ఏమి కట్టాలన్నది ఆవిడ ఇంకా చెప్పలేదు. నేనూ తొందరపెట్టలేదు.

మీ ఇళ్లలో ఇలాంటి అనుభవాలు ఉంటే రాసి పంపండి. వచ్చే సంచికలో మళ్లీ డబ్బు లెక్కలకే వద్దాం: ఉమ్మడి ఖాతాలో ఒకరు పోతే రెండోవారు చేయవలసిన పనులు.