ఉచితం వేరు, హక్కు వేరు: క్యాంపస్‌లకు వస్తున్న టెక్ కంపెనీలను ఏం అడగాలి?

2025 జులై నుంచి నవంబర్ దాకా మన దేశ విద్యార్థులకు వరసపెట్టి కానుకలు వచ్చాయి. జులైలో గూగుల్ 18 ఏళ్లు నిండిన కాలేజీ విద్యార్థులకు 19,500 రూపాయల విలువైన ఏఐ ప్రో సేవను ఏడాది పాటు ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. అదే నెలలో ఎయిర్‌టెల్ తన 36 కోట్ల మంది వినియోగదారులకు పర్‌ప్లెక్సిటీ ప్రోను ఏడాది ఉచితం అంది. అక్టోబర్ చివర్లో జియో, గూగుల్ కలిసి 35,100 రూపాయల విలువైన జెమినీ ప్రోను 18 నెలలు ఇస్తామని, ముందుగా 18 నుంచి 25 ఏళ్ల వారికే ఇస్తామని చెప్పాయి. నెలకు 399 రూపాయలున్న చాట్‌జీపీటీ గోను ఓపెన్‌ఏఐ నవంబర్ 4 నుంచి ఏడాది ఉచితం చేసింది.

అదే ఏడాది తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బంద్‌కు దిగాయి. బకాయిలు రాలేదని సర్టిఫికెట్లు ఆపిన కాలేజీల గురించి ఏటా వింటూనే ఉన్నాం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. చేతిలో డిగ్రీ కాగితం లేని విద్యార్థి ఫోన్‌లో 35 వేల రూపాయల కానుక ఉంది. సర్కారు బాకీ పడింది హక్కు. కంపెనీ ఇచ్చింది ఉచితం. హక్కు ఆగితే ధర్నా చేయవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు. ఉచితం ఆగితే అడిగే చోటే లేదు. క్యాంపస్‌లలో జరుగుతున్నదాన్ని ఈ తేడా నుంచి చూడాలని మేము అనుకుంటున్నాం.

అలవాటు చేయడం పాత పనే

విద్యార్థుల వెంటపడటం ఏఐతో మొదలు కాలేదు. 1998లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులతో మాట్లాడుతూ బిల్ గేట్స్ చైనా ప్రస్తావన తెచ్చారు. అక్కడ జనం సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టడం లేదు. ఎలాగూ దొంగిలించేటప్పుడు మాదే దొంగిలించాలి, అలవాటు పడతారు, వసూలు సంగతి తర్వాత చూసుకుంటాం అన్న అర్థంలో ఆయన మాట్లాడారు. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో తన అభివృద్ధి కేంద్రాన్ని తెరిచింది కూడా ఆ ఏడాదే.

ఆ తర్వాత ఆ అలవాటుకు పద్ధతి ఏర్పడింది. 2003లో మైక్రోసాఫ్ట్ ఇమాజిన్ కప్ అనే అంతర్జాతీయ విద్యార్థి పోటీని మొదలుపెట్టింది. 2006లో దాని తుది పోటీలు మన దేశంలోనే జరిగాయి. 2008లో డ్రీమ్‌స్పార్క్ పేరుతో తన ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థులకు ఉచితంగా ఇచ్చింది. 2014లో గిట్‌హబ్ విద్యార్థుల కోసం ఉచిత ప్యాక్ తెచ్చింది. 2018లో ఆ గిట్‌హబ్‌నే మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొనేసింది. ఇంజనీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్, లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలదీ ఇదే దారి. చదివినన్నాళ్లు చవగ్గానో ఊరికేనో దొరుకుతుంది. చదువైపోగానే లైసెన్సూ అయిపోతుంది. ఈలోగా చేతికి ఆ సాఫ్ట్‌వేర్ తప్ప మరొకటి రాదు కాబట్టి, రేపు పనిచేసే ఆఫీసు దాన్నే కొనాల్సి వస్తుంది.

ఏఐ వచ్చాక అలవాటుకు డేటా తోడైంది. సెట్టింగుల్లోకి వెళ్లి వద్దని చెప్పకపోతే, వ్యక్తిగత ఖాతాల్లో మనం రాసేవాటిని మోడళ్లను మెరుగుపరచడానికి వాడుకోవచ్చని ఈ కంపెనీల నిబంధనలే చెబుతున్నాయి. మన ప్రశ్నలు, మన తెలుగు, మన యాస, ప్రాజెక్టు రిపోర్టులో మనం దిద్దుకున్న తప్పులు అన్నీ వాటికి పనికొచ్చే సరుకే. ఇచ్చేది ఒక్కవైపు నుంచే అనుకుంటే పొరపాటు.

పోటీ పేరుతో నియామకం

అలవాటు, డేటా గురించి చర్చ బాగానే జరుగుతోంది. అంతగా మాట్లాడనిది మూడోది. విద్యార్థి పోటీలు ఇప్పుడు ఆటలు కావు, ఉద్యోగ ద్వారాలు. టీసీఎస్ కోడ్‌విటా, ఇన్ఫోసిస్ హ్యాక్‌విత్‌ఇన్ఫీ, ఫ్లిప్‌కార్ట్ గ్రిడ్ వంటి వాటిలో రాణించినవారికి ఇంటర్వ్యూ అవకాశం ఉంటుందని నిర్వాహక కంపెనీలే చెబుతాయి. అంటే ప్లేస్‌మెంట్ సీజన్ మొదలయ్యే లోపే కొంత ఎంపిక జరిగిపోతుంది.

రాజ్యాంగం 16(4) అధికరణ కింద రిజర్వేషన్లు ప్రభుత్వ ఉద్యోగాలకే. ఇంజనీరింగ్ సీటు దాకా రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ మన పిల్లల్ని చేర్చాయి. సీటు నుంచి ఉద్యోగానికి వెళ్లే దారి మాత్రం దాదాపుగా ప్రైవేటు కంపెనీల చేతిలో ఉంది. అక్కడ కులం పనిచేయదు, ప్రతిభే పనిచేస్తుంది అంటారు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ఈ మాటను పరీక్షకు పెట్టారు. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే స్థాయి అర్హతలతో, అగ్రకుల పేర్లతో, దళిత పేర్లతో, ముస్లిం పేర్లతో వేర్వేరు దరఖాస్తులు పంపారు. 2007లో ప్రచురించిన ఫలితాల్లో, అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు కంపెనీ నుంచి పిలుపు వచ్చే అవకాశ నిష్పత్తి 0.67 మాత్రమే. చదువులో తేడా లేదు, పేరులోనే తేడా.

కోడింగ్ పోటీలో పేరు చూడరు కదా, కంప్యూటరే మార్కులు వేస్తుంది కదా అని మిత్రులు అడుగుతారు. నిజమే, కోడ్‌కు కులం తెలియదు. కానీ కోడ్ రాయడానికి కూర్చునే దాకా వచ్చిన దారికి తెలుసు.

ముప్పై ఆరు గంటలు

ఒక హ్యాకథాన్‌ను ఊహించుకుందాం. ముప్పై ఆరు గంటలు ఆపకుండా సాగుతుంది. మొదట కావలసింది ల్యాప్‌టాప్. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి. కానీ ఫోన్‌లో రీల్ చూడటం వేరు, ప్రాజెక్టు కట్టడం వేరు. ఇంట్లో కంప్యూటర్ చూడకుండా ఇంజనీరింగ్‌లో చేరిన తొలితరం విద్యార్థి మొదటి ఏడాదంతా తోటివారు ఎనిమిదో తరగతిలోనే నేర్చుకున్నదాన్ని అందుకోవడానికే సరిపోతుంది.

తర్వాత జట్టు కావాలి. జట్టు ఎలా కడతారు? తెలిసినవాళ్లు తెలిసినవాళ్లతో కడతారు. హైదరాబాద్‌లో ఒకే కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ చదివినవాళ్లు, ఒకే అపార్ట్‌మెంట్ నుంచి వచ్చేవాళ్లు, ఒకే కులసంఘం హాస్టల్‌లో ఉండేవాళ్లు. ఎస్సీ, ఎస్టీ వెల్ఫేర్ హాస్టల్ విద్యార్థిని కావాలని దూరం పెట్టకపోవచ్చు. అసలు గుర్తుకే రారు, అంతే. రాత్రి హాస్టల్ గేటు మూసేశాక బయట ఉండటానికి వీల్లేని అమ్మాయికి ముప్పై ఆరు గంటల పోటీలో చోటెక్కడ? సెలవుల్లో కూలికి వెళ్లి మెస్ ఖర్చులు సంపాదించుకునే అబ్బాయి వేసవి బూట్‌క్యాంప్‌కు ఎలా వస్తాడు?

చివరి అంకం జడ్జీల ముందు ఐదు నిమిషాల ఇంగ్లిష్ ప్రసంగం. ఇక్కడ మార్కులు వేసేది కంప్యూటర్ కాదు, మనుషులు. తడబడని ఇంగ్లిష్, జంకులేని నిలబాటు, నాన్న ఆఫీసులో విన్న మాటలు, వీటన్నిటికీ కలిపి ‘ప్రెజెంటేషన్ స్కిల్స్’ అని పేరు. అక్కడ కులం పేరు ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరమూ లేదు.

గెలిచినవాళ్లు కష్టపడలేదని మేము అనడం లేదు. నిద్ర మాని గెలిచారు. కానీ ఆ పోటీ కొలిచింది వాళ్ల కష్టాన్ని ఒక్కదాన్నే కాదు. వాళ్ల ఇంటిని, బడిని, స్నేహాలను కూడా కలిపి కొలిచి, మొత్తానికి ‘ప్రతిభ’ అని చీటీ అంటించింది.

కాగితం మీద తెరిచిన చెరువు

‘అందరికీ ప్రవేశం’ అనే మాట మనకు కొత్త కాదు. ప్రజా ధనంతో కట్టిన బావులు, చెరువులు అంటరానివారికి కూడా తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. ఆ వెంట మహద్ పురపాలక సంఘం కూడా చవదార్ చెరువును తెరుస్తూ తీర్మానం చేసింది. అయినా ఒక్క దళితుడు ఆ నీళ్లు ముట్టలేకపోయాడు. 1927 మార్చి 20న అంబేడ్కర్ ముందు నడవగా వేలమంది వెళ్లి దోసిట నీళ్లు తాగాకే ఆ తీర్మానానికి ప్రాణం వచ్చింది. వచ్చాక ఏమైంది? దాడులు జరిగాయి, చెరువును ‘శుద్ధి’ చేశారు.

మహద్ నుంచి మనం నేర్చుకున్నది ఒకటుంది. తలుపు తెరిచామని ప్రకటించినంత మాత్రాన సరిపోదు. ఎవరు లోపలికి రాగలిగారో లెక్క చెప్పాలి. తమ పోటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఎంతమంది నమోదయ్యారు, ఎంతమంది తుది దశకు వచ్చారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అన్న లెక్కను కంపెనీలు జనం ముందు పెట్టవు. కులం గురించి మాట్లాడటమే వాటికి ఇబ్బంది. 2022లో దళిత హక్కుల కార్యకర్త తేన్‌మొళి సౌందరరాజన్ గూగుల్ ఉద్యోగుల ముందు కులవివక్ష గురించి మాట్లాడాల్సి ఉండగా, కొందరు ఉద్యోగుల అభ్యంతరంతో ఆ ప్రసంగమే రద్దయింది. అమెరికాలోని సొంత ఆఫీసులో కులం గురించి వినలేని కంపెనీ మన కాలేజీకి వచ్చి కులం చూడకుండా ఎంపిక చేస్తున్నానంటే, ఊరికే నమ్మాల్సిన పని లేదు.

వద్దనడం కాదు, అడగడం

అయితే ఈ ఉచితాలను బహిష్కరించాలా? మేము అలా చెప్పడం లేదు. కోచింగ్‌కు డబ్బు లేని విద్యార్థికి ఇంగ్లిష్ పాఠాన్ని తెలుగులో విడమరచి చెప్పే ఏఐ పనికొస్తుంది. 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ఇంట్లో కూర్చుని పనిచేసినవారికి డబ్బు కూడా ఇస్తుంది. అందిన పనిముట్టును వాడుకుందాం. దానికి కృతజ్ఞతగా నోరు మూసుకోవాల్సిన పని మాత్రం లేదు.

ఉచితాన్ని హక్కుగా మార్చిన అనుభవాలు మన చుట్టూ ఉన్నాయి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో మొదలైన ట్రిపుల్ ఐటీలు పల్లె పిల్లల కోసమే పుట్టాయి. ప్రభుత్వ బడిలో చదివినవారికి పదో తరగతి గ్రేడుకు 0.4 కలిపి ప్రవేశం ఇచ్చారు. ఇద్దరి మార్కులు ఒక్కటే అయినా ఇద్దరు నడిచిన దూరం ఒక్కటి కాదని ఆ 0.4 ఒప్పుకుంది. కేరళ తన ప్రభుత్వ బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పెట్టింది. దానివల్ల 3,000 కోట్ల రూపాయల లైసెన్సు ఖర్చు మిగిలిందని అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ అంచనా. ఇంగ్లిష్‌లో ఒకే మాటలో ఇరుక్కున్న రెండు అర్థాలను తెలుగు విడదీసింది: ఉచితం, స్వేచ్ఛ. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఆ రెండో మాటనే పేరుగా పెట్టుకుని ఇంజనీరింగ్ కాలేజీల్లో పనిచేస్తోంది. బెంగళూరులో ఇదే ఉద్యమ కార్యకర్తలు ఒక మురికివాడలో పిల్లల కోసం కంప్యూటర్ కేంద్రం పెట్టి, దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు.

ఇక పోటీ నియమాలు మార్చడం కుదరదనే వాదన. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో ఆరుగురి జట్టులో కనీసం ఒక అమ్మాయి ఉండాలన్నది నియమం. దానివల్ల ప్రతిభ కూలిపోయిందని ఎవరూ అనలేదు. ఆడపిల్లల విషయంలో కుదిరిన నియమం దళిత, ఆదివాసీ విద్యార్థుల విషయంలో ఎందుకు కుదరదు?

కాబట్టి విద్యార్థి సంఘాలు ఈ ఏడాది తమ డిమాండ్ల పత్రంలో చేర్చాల్సినవి కొన్ని ఉన్నాయి. కాలేజీ ఆవరణను, ల్యాబును, అధ్యాపకుల సమయాన్ని వాడుకునే ప్రతి కంపెనీ పోటీకి సామాజిక వర్గాల వారీ లెక్క బయటపెట్టాలన్న షరతు ఉండాలి. విశ్వవిద్యాలయం సాయం చేసే జట్లలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల భాగస్వామ్యం తప్పనిసరి కావాలి. వెల్ఫేర్ హాస్టళ్లలో రాత్రి కూడా తెరిచి ఉండే కంప్యూటర్ గది, పనిచేసే నెట్ కావాలి. సిలబస్‌లో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ నేర్పితే పక్కన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కూడా నేర్పాలి. తెలుగులో మాట్లాడి ప్రాజెక్టు వివరించే వీలుండాలి. అన్నిటికీ మించి, ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల డిమాండ్‌ను మళ్లీ వీధిలోకి తేవాలి. ఎంపిక క్యాంపస్‌లోనే, డిగ్రీ కంటే ముందే జరుగుతున్నప్పుడు ఆ డిమాండ్ కూడా క్యాంపస్ నుంచే మొదలవ్వాలి.

ఏడాది, పద్దెనిమిది నెలల గడువులు ఒక్కొక్కటిగా తీరిపోతాయి. ఉచితం ఆగి, నెలకు ఇంత కట్టమని ఫోన్‌లో సందేశం వస్తుంది. అప్పటికి మన చేతుల్లో అలవాటు మాత్రమే మిగలాలా, లేక పోరాడి రాయించుకున్న నాలుగు నియమాలు కూడా ఉండాలా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.