పాత నవల బేరం

ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు పేవ్‌మెంట్ మీద పట్టాలు పరిచి పుస్తకాలు పోస్తారు. ఎంట్రెన్స్ గైడ్లు, ఇంగ్లిష్ థ్రిల్లర్లు, కంప్యూటర్ పాఠాలు, మధ్యమధ్య ఉర్దూ పుస్తకాలు. తెలుగు నవల కావాలంటే కాస్త వంగాలి, గుట్టను కదిలించాలి. అడుగున ఎక్కడో ‘చివరకు మిగిలేది’ చేతికి తగులుతుంది. అట్ట చిరిగి, బుచ్చిబాబు పేరు సగమే మిగిలి ఉంటుంది. గుండె ఝల్లుమనడానికి ఆ సగం చాలు.

ఇక బేరం మొదలు. మన సంతోషం మొహంలో కనబడితే ధర పెరుగుతుంది. అందుకే చేతిలోది పక్కన పెట్టి, అక్కర్లేని ఇంకో పుస్తకం తిరగేస్తాం. అమ్మే మనిషి ఇలాంటివాళ్లను ఎంతమందిని చూడలేదు? ‘‘వంద’’ అంటాడు. ‘‘యాభై ఇస్తా’’ అంటాం. ‘‘ఇప్పుడివి దొరకట్లేదు సార్’’ అంటాడు. ఆ మాట నిజం కాబట్టి మనకు నోరు పెగలదు. చివరికి డెబ్బైకి తెగుతుంది.

చాలాచోట్ల ధర పుస్తకం మందాన్ని బట్టే ఉంటుంది. ‘వేయిపడగలు’ దొరికితే గట్టిగానే చెబుతారు. చలం 1927లో రాసిన ‘మైదానం’ సన్నగా ఉంటుంది కాబట్టి ఇరవైకో ముప్పైకో వచ్చేస్తుంది. ఎన్ని ఇళ్లలో ఎంత గొడవ రేపిన నవల అది!

లెక్క చూస్తే ఇందులో మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. ఆటో ఛార్జీకీ, ఇరానీ చాయ్‌కీ సరి. అయినా ఇంటికి వచ్చేటప్పుడు మనసు తేలిగ్గా ఉంటుంది. నాకు తోచిన కారణం ఒకటే. నిండు ధర పెట్టేటప్పుడు తెలిసిన పేరే కొంటాం. చవగ్గా దొరికేచోట తెలియని పేరును కూడా చేతిలోకి తీసుకుంటాం. నచ్చకపోతే పోయేదేముంది అనుకుంటాం. ఆ ధైర్యం వల్లే కొందరు గొప్పవాళ్లు పరిచయమవుతారు.

డాక్టర్ పి. శ్రీదేవి నాకు అలాగే పరిచయమయ్యారు. ‘కాలాతీత వ్యక్తులు’ అనే పేరు నచ్చి, రచయిత్రి ఎవరో తెలియకుండానే తెచ్చుకున్న పుస్తకం అది. ఆ రాత్రి మొదలుపెడితే అందులోని ఇందిర నన్ను వదల్లేదు. ఎవరి జాలికోసమూ చూడని, తన బతుకు తానే దిద్దుకునే అమ్మాయి. 1950ల చివర్లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చిన నవల ఇది. 1963లో వచ్చిన ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకు ఆధారం ఇదే. సినిమా వచ్చేనాటికి రచయిత్రి లేరు. ముప్పై రెండేళ్లయినా నిండకుండా 1961లో కన్నుమూశారు. రాసింది ఈ ఒక్క నవలే. అలాంటి మనిషిని పాతిక రూపాయలకు కలుసుకున్నానంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కొన్నిసార్లు అచ్చయిన పుస్తకం కాకుండా, ఎవరో ఇంట్లో కూర్చుని తయారుచేసుకున్న పుస్తకం దొరుకుతుంది. వారపత్రికల్లోని సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, దబ్బనంతో కుట్టి, ఖాకీ అట్ట వేసినవి. కథ పక్కన తలనొప్పి మాత్రల ప్రకటన, కొత్త సినిమా బొమ్మ అలాగే ఉంటాయి. అలాంటి ఒకదానిలో ఒక వారం సంచిక దొరకలేదు కాబోలు, ఆ చోట తెల్లకాగితం అతికించి, ఆ వారం ఏం జరిగిందో నీలం సిరాతో పది వరుసల్లో రాసిపెట్టారు. గుండ్రటి అక్షరాలు. పక్కింటివాళ్లను అడిగి రాసుకున్నారో, గుర్తుంచుకుని రాసుకున్నారో. ఈ కొసరుకు ధర ఎవరు కట్టగలరు?

గొప్ప నవలలు మన మామూలు ఇళ్లలోకి ఎప్పుడూ చవకదారినే వచ్చాయి. ఎమెస్కో వాళ్లు పాకెట్ పుస్తకాలు అందించారు. విశాలాంధ్రవారి దుకాణంలో సోవియట్ పుస్తకాలు కొద్ది రూపాయలకే దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు, రా.రా. వంటివారు మాస్కోలో కూర్చుని తెలుగులోకి తెచ్చిన రష్యన్ సాహిత్యం, ప్రగతి, రాదుగ ప్రచురణలుగా మంచి కాగితం మీద, గట్టి బైండింగుతో వచ్చేది. పల్లెటూరి మేష్టారి ఇంట్లో కూడా గోర్కీ ‘అమ్మ’ ఉండేదంటే అందుకే. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఆ రాక ఆగిపోయింది. ఇప్పుడు వాటిని పాత పుస్తకాల గుట్టల్లో వెతుక్కోవలసిందే.

ఈ సంతోషం వెనుక ఒక దిగులు కూడా ఉంది. గుట్టలోకి వచ్చిన పుస్తకం ఎవరి ఇంట్లోంచో వచ్చిందే కదా. పెద్దాయన పోయి ఉంటారు. పిల్లలు అమెరికాలో ఉంటారు. ఇల్లు అమ్మేముందు బీరువా ఖాళీ చేసి, కాగితాలవాడికి కిలోల లెక్కన తూచి ఉంటారు. మొదటి పేజీలో ‘ప్రియమైన సీతకు, పెళ్లిరోజు కానుక’ అని ఉంటుంది. అది చదివాక పుస్తకాన్ని మళ్లీ గుట్టలో పడేయడానికి నాకు చెయ్యి రాదు. మరీ పాడైపోయినదైనా తెచ్చుకుంటాను, చదువుతాను. ఆ సీతగారికి మన వంతుగా చేయగలిగింది అంతే.

మొన్న ఒక ఆదివారం ‘బారిస్టర్ పార్వతీశం’ పట్టుకుని ఒక కుర్రాడు నా పక్కన నిలబడ్డాడు. ‘‘బాగుంటుందాండీ?’’ అని అడిగాడు. ముక్కూమొహం తెలియని మనుషులు ఇలా మాట్లాడుకునేది ఈ గుట్టల దగ్గరే అనుకుంటాను. 1924లో వచ్చిన మొదటి భాగమని, రచయిత మొక్కపాటివారు మిగతా రెండూ చాలా ఏళ్ల తర్వాత రాశారని, మొగల్తూరు నుంచి మొదలయ్యే ఆ ప్రయాణం చదివి నవ్వనివాళ్లు ఉండరని చెప్పాను. నలభైకి కొనేశాడు. ‘‘మరి మిగతా రెండు భాగాలో?’’ అన్నాడు. అమ్మే ఆయన లేచి, పక్క పట్టా దగ్గరున్న తమ్ముణ్ని కేకేశాడు. ముగ్గురం వంగి వెతకడం మొదలుపెట్టాం.