సర్కారీ లాయర్ కొలువు: తలుపులు మూడు.. ఏ తలుపు వెనక ఏముందో తెలుసా?

మన సినిమాల్లో కోర్టు సీన్ ఒకసారి గుర్తు చేసుకోండి. హీరో లాయర్ డైలాగ్ మీద డైలాగ్ కొడుతుంటాడు. అవతల పబ్లిక్ ప్రాసిక్యూటర్ రెండుసార్లు 'అబ్జెక్షన్ యువరానర్' అని అరిచి, చివరికి తల దించుకుని కూర్చుంటాడు. ఫిల్మ్‌నగర్ లెక్కలో సర్కారీ లాయర్ అంటే ఓడిపోవడానికే పుట్టిన క్యారెక్టర్.

అదే ఫిల్మ్‌నగర్ నుంచి కిందకి దిగి వెంగళరావు నగర్ దాకా వస్తే సీన్ మారిపోతుంది. కోచింగ్‌లకు పేరుపడ్డ అమీర్‌పేట పక్కనే కావడంతో ఇక్కడ హాస్టళ్లకు కొదవ లేదు. సాఫ్ట్‌వేర్, గ్రూప్స్ అభ్యర్థులతో పాటు నల్లకోటు వేసుకునే కుర్రాళ్లూ ఆ గదుల్లో ఉంటారు. పొద్దున్నే మధురానగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైన్ మారి, నాంపల్లి కోర్టులకు వెళ్లడం. రాత్రికి తిరిగొచ్చి పుస్తకాలు ముందేసుకోవడం. సినిమాలో ఓడిపోయే ఆ పీపీ కుర్చీయే వీళ్ల కల.

మరి ఆ కుర్చీ ఎక్కడానికి దారేంటి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. 'గవర్నమెంట్ లాయర్' అని మనం ఒకే మాటతో పిలిచేది ఒకే ఉద్యోగాన్ని కాదు. మూడు రకాల కొలువులవి. ఒకటి పర్మినెంట్, ఒకటి ప్రభుత్వంతో పాటు మారిపోయేది, ఇంకొకటి కాంట్రాక్టు. ఈ తేడా తెలియకుండా దిగితే విలువైన ఏళ్లు చేజారిపోతాయి.

మొదటి తలుపు: ఏపీపీ

అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్.. అంటే మేజిస్ట్రేట్ కోర్టుల్లో ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపే లాయర్. ఇది రెగ్యులర్ ఉద్యోగం. రాత పరీక్ష ఉంటుంది. ఒక పేపర్ ఆబ్జెక్టివ్, రెండోది డిస్క్రిప్టివ్. తెలంగాణలో పే స్కేల్ రూ.54,220 నుంచి రూ.1,33,630. ప్రమోషన్లు, పెన్షన్ స్కీమ్, సర్వీస్ రూల్స్ అన్నీ వర్తిస్తాయి.

బాగానే ఉంది కదా? ఇప్పుడు లెక్క చూడండి. తెలంగాణలో 2021లో 151 ఏపీపీ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాత 118 పోస్టులతో మళ్లీ వచ్చింది 2025లో. మధ్యలో నాలుగేళ్లు. అప్లై చేయాలంటే క్రిమినల్ కోర్టుల్లో కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలి. జనరల్ అభ్యర్థులకు 34 ఏళ్లు నిండకూడదు. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు నిబంధనల ప్రకారం సడలింపు ఉంటుంది.

ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా చదివితే బయటికొచ్చేసరికి 23. మూడేళ్ల ప్రాక్టీస్ పూర్తయ్యేసరికి 26. చేతిలో మిగిలేది ఎనిమిదేళ్లు. డిగ్రీ అయ్యాక మూడేళ్ల లా చేసినవాళ్లకైతే ఏడే. నాలుగేళ్లకోసారి నోటిఫికేషన్ వస్తే ఒక లాయర్‌కు దక్కేది మహా అయితే రెండు ఛాన్సులు. అందులో ఒకటి కొత్తవాడిగా రాసేదే.

అర్హత కోసం గడపాల్సిన ఆ మూడేళ్లు ఎలా ఉంటాయన్నది ఇంకో ప్రశ్న. జూనియర్లకు పట్టణాల్లో నెలకు రూ.20 వేలు, గ్రామాల్లో రూ.15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచనే, ఆదేశం కాదు. ఏపీలో 2019 డిసెంబరులో 'వైఎస్సార్ లా నేస్తం' పేరుతో జూనియర్ లాయర్లకు నెలకు రూ.5 వేల సాయం మొదలుపెట్టింది కూడా ఈ ఇబ్బంది చూసే. ఇంటి నుంచి డబ్బులు వచ్చేవాళ్లు ఆ మూడేళ్లు ఎలాగోలా నెట్టుకొస్తారు. రానివాళ్లలో ఎంతమంది చివరిదాకా నిలబడతారు?

రెండో తలుపు: జీపీ, పీపీ

హైకోర్టులో, జిల్లా కోర్టుల్లో కనిపించే గవర్నమెంట్ ప్లీడర్లలో ఎక్కువమంది పరీక్ష రాసి వచ్చినవాళ్లు కాదు. జీవో ద్వారా, కొంత కాలానికి నియమితులైనవాళ్లు. సెషన్స్ కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలంటే చట్టం ప్రకారం ఏడేళ్ల ప్రాక్టీస్ తప్పనిసరి. స్పెషల్ పీపీకి పదేళ్లు.

హోదా పెద్దదే, భద్రత మాత్రం తక్కువ. పై నుంచే చూడండి. ఏపీలో దమ్మాలపాటి శ్రీనివాస్ 2019కి ముందు అడ్వకేట్ జనరల్. ప్రభుత్వం మారింది, ఎస్.శ్రీరామ్ వచ్చారు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, మళ్లీ దమ్మాలపాటి వచ్చారు. ఏజీ పదవి రాజ్యాంగంలోనే అలా ఉంది కాబట్టి ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ గాలి కింద ఉన్న ప్లీడర్లకూ తగులుతుంది.

1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఒక్క సర్క్యులర్‌తో అన్ని జిల్లాల్లోని ప్రభుత్వ లాయర్లను తీసేసింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇష్టం వచ్చినట్టు మూకుమ్మడిగా తీసేయడం కుదరదని చెప్పింది. ప్రభుత్వ లాయర్ల ఎంపిక పారదర్శకంగా జరగాలని 2016లో పంజాబ్ కేసులోనూ గట్టిగా చెప్పింది. అయినా ఇది జీవితాంతం ఉండే కొలువు కాదు. సొంత ప్రాక్టీస్ గట్టిగా ఉన్నవాళ్లకే ఈ తలుపు.

మూడో తలుపు: పేదవాడి లాయర్

దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. జాతీయ న్యాయసేవల సంస్థ 2022లో తెచ్చిన 'లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్' విధానం ఇది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కింద ఫుల్‌టైమ్ లాయర్లు ఉంటారు. లాయర్‌ను పెట్టుకోలేని నిందితుల తరఫున వాదిస్తారు. చీఫ్‌కు పదేళ్లు, డిప్యూటీకి ఏడేళ్ల అనుభవం కావాలి. అసిస్టెంట్ పోస్టుకు మాత్రం మూడేళ్ల లోపు అనుభవం ఉన్న జూనియర్లే అర్హులు.

ప్రైవేటు కేసులు చేయకూడదు. కాంట్రాక్టు మొదట రెండేళ్లు, పనితీరు బాగుంటే ఏడాదికోసారి పొడిగింపు. పర్మినెంట్ కాదు, నిజమే. కానీ బెయిల్ పిటిషన్ నుంచి ట్రయల్ దాకా చేతినిండా పని. సీనియర్ ఆఫీసులో ఫైళ్లు మోస్తూ వాయిదాలు అడగడం కన్నా ఇది మంచి బడి. కస్టడీలో ఉన్న ఏ మనిషైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయసాయానికి అర్హుడే. 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు అది. 2025లో వచ్చిన 'కోర్ట్' సినిమాలో ప్రియదర్శి వేసిన జూనియర్ లాయర్ పాత్ర జనానికి నచ్చింది కదా. అలాంటి కేసులు నాంపల్లిలో రోజూ ఉంటాయి, కెమెరా మాత్రం ఉండదు.

ఇక్కడి నుంచి జడ్జి కుర్చీకి

సర్కారీ లాయర్‌గా చేరితే జడ్జి అయ్యే దారి మూసుకుపోతుందనే భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. కోర్టులో వాదించే ప్రాసిక్యూటర్ సర్వీసును లాయర్ ప్రాక్టీస్ గానే చూడాలని 2013లో దీపక్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే ఏపీపీగా ఏడేళ్లు చేసినవాళ్లు డైరెక్ట్ డిస్ట్రిక్ట్ జడ్జి పోస్టుకు పోటీపడొచ్చు. 2025 అక్టోబరు తీర్పుతో కింది కోర్టు జడ్జిలకూ ఆ పోటీలోకి దారి తెరుచుకుంది కాబట్టి పోటీ మాత్రం పెరిగింది.

2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకూ మూడేళ్ల ప్రాక్టీస్ తప్పనిసరి చేసింది. అంటే ఏపీపీకీ, జడ్జికీ ఇప్పుడు గేటు ఒక్కటే. ప్రిపరేషన్ కూడా చాలావరకు ఒక్కటే. ఒక్క జాగ్రత్త.. కొత్త క్రిమినల్ చట్టాలు 2024 జూలై 1 నుంచి వచ్చాయి, అంతకుముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ ఐపీసీయే. ఇంకా కొన్నేళ్లు రెండూ చదవాల్సిందే.

అసలు నష్టం ఎవరికి?

ఇది లాయర్ల ఉద్యోగాల గొడవ మాత్రమే కాదు. కొత్త చట్టం ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌కు బాధ్యతలు పెంచింది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసులను అసిస్టెంట్ డైరెక్టర్ పర్యవేక్షించాలి, ఏడు నుంచి పదేళ్ల లోపు కేసుల్లో పోలీసు రిపోర్టును డిప్యూటీ డైరెక్టర్ పరిశీలించాలి. కాగితం మీద బాగుంది. కానీ కోర్టు హాల్లో నిలబడే ఏపీపీ లేకపోతే? ఒకే మనిషి రెండు కోర్టులు చూసుకోవాల్సి వస్తే సాక్షి వచ్చి వెనక్కి పోతాడు. ఇంకో వాయిదా పడుతుంది. బాధితురాలు మళ్లీ ఒక రోజు కూలి పోగొట్టుకుంటుంది. తప్పు చేయనివాడు ఇంకో నెల జైల్లో ఉంటాడు.

ఇంకో సంగతి. ప్రాసిక్యూషన్‌ను పోలీసు శాఖ నుంచి వేరుగా ఉంచాలని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఇవాళ్టికీ తెలంగాణలో ఏపీపీల భర్తీ చేస్తున్నది పోలీస్ రిక్రూట్‌మెంట్ బోర్డే. పరీక్ష నిర్వహణలో తప్పేమీ లేకపోవచ్చు. అయినా పోలీసు కేసులో లోపం కనిపిస్తే ఉందని చెప్పాల్సిన మనిషికి ఉద్యోగ ప్రకటన పోలీసు బోర్డు నుంచే రావడం ఆలోచించాల్సిన విషయమే.

అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. ఖాళీల లెక్క ఏటా బయటపెట్టండి. నోటిఫికేషన్ ఏటా కాకపోయినా, రెండేళ్లకోసారైనా ఇవ్వండి. లాయర్లు కూడా ఒకే తలుపు ముందు కూర్చోకూడదు. మొదటి మూడేళ్లలో డిఫెన్స్ కౌన్సెల్ ప్రయత్నించండి. మూడేళ్లు నిండగానే ఏపీపీ, జూనియర్ సివిల్ జడ్జి రెండూ రాయండి. సీబీఐ ప్రాసిక్యూటర్ల లాంటి కేంద్ర పోస్టుల కోసం యూపీఎస్సీ ప్రకటనలూ చూస్తూ ఉండండి. ఏ కోర్టులో ఎన్ని కేసులు నడిపారో ఆ రికార్డు మొదటి రోజు నుంచే దాచుకోండి. ప్రాక్టీస్ సర్టిఫికెట్ అడిగిన రోజు వెతుక్కుంటే దొరకదు.

నాలుగేళ్లకోసారి వచ్చే నోటిఫికేషన్ మీద ఒక తరం లాయర్ల భవిష్యత్తు ఆధారపడుతోంది. వాళ్లు వాదించాల్సిన కేసుల్లోని మనుషులు కూడా అంతే కాలం ఎదురుచూస్తున్నారు.