"ఇక చాలండి" అన్న మనిషి



మనలో చాలామందికి నరసాపురం రేవులో పంటు ఎక్కడం అలవాటే. ఇవతల పశ్చిమ గోదావరి జిల్లా, అవతల సఖినేటిపల్లి, అంటే కోనసీమ. మధ్యన వశిష్ఠ గోదావరి. పంటు లేని రోజున చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. అందుకే గట్టు మీదికి రాగానే మన కళ్లు పంటు ఎక్కడుందా అని వెతుకుతాయి గాని, దాన్ని నడిపే మనుషుల్ని చూడవు.

ఒకసారి చూడండి. పంటు రేవుకు ఆనీ ఆనకముందే ఒకతను తాడుతో దూకుతాడు, ఇంకొకతను పలక దించుతాడు. సముద్రం దగ్గరే గనుక అక్కడ ఆటుపోట్లు ఉంటాయి. పోటు మీద పలక దాదాపు సమంగా ఉంటుంది. నీరు తీసినప్పుడు ఏటవాలుగా దిగిపోతుంది, పైగా బురద. చంటిబిడ్డతో స్కూటీ మీద వచ్చిన తల్లిని దింపి, ఆ బండిని వెనక నుంచి నెట్టి ఎక్కించేది వాళ్లే. బరువు ఒక పక్కకు ఒరగకుండా కార్లనీ ఆటోలనీ బైకుల్నీ సర్దేదీ వాళ్లే. ఏరు లాగుతుంటే సరంగు ఎదురు రేవుకు తిన్నగా పోడు. ఎగువకు మొగ్గి, ప్రవాహంతో జారుతూ వెళ్లి రేవు అందుకుంటాడు.

ఒక సాయంత్రం నా బండి పలక దాకా వచ్చాక అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇక చాలండి. తర్వాతి ట్రిప్పుకి రండి."

"ఒక్క బండే కదా బాబూ, అవతల కూడిక ఉంది" అన్నాను.

"మీరొక్కరేనండి. మీ ఎనకాల పదిమందున్నారండి, ఆళ్లూ అదే అంటారండి."

నాకు కోపం వచ్చింది. ఎంత పొగరు అని గట్టు మీద ఎవరితోనో అన్నాను కూడా. సేవకుణ్ణి అనే గర్వం నాలో మాట్లాడింది, దాచడం ఎందుకు.

రేవును వేలంలో పాడుకుంటారు. పాటదారుకు పెట్టిన డబ్బు రావాలి. గట్టు మీద ఉన్న మనకు తొందర. ఒక బండి ఎక్కువ ఎక్కితే కూలివాడికి ఒరిగేది ఏమీ లేదు, ఏదైనా జరిగితే మాత్రం మొదట నీళ్లలో ఉండేది అతనే. వద్దు అనగలిగేది ఆ ఒక్కడే, మనం అతన్నే తిడతాం. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర బడిపిల్లల్ని, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర యాత్రికుల్ని ఇదే గోదావరిలో పోగొట్టుకున్నాం. కారణాలు వేరు కావచ్చు, ఏరు మాత్రం ఒకటే. కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: అతని చేతిని ఎవరూ తొయ్యకూడదు, అతని మాట మీద పాటదారు కూడా పైమాట అనకూడదు. వరదకు పంటు ఆపేస్తే చాటుగా నాటు పడవలు వెతకకండి. అంతర్వేది తీర్థం రోజుల్లో రద్దీ చూశారుగా, అప్పుడైతే మరీను. వంతెన కావాలని నేనూ కోరుకుంటున్నాను. అది వచ్చిన నాడు వీళ్ల బతుకు ఏమిటో కూడా ఎవరైనా అడగాలి.

దావీదు యొర్దాను దాటి తిరిగివచ్చిన సంగతి రెండవ సమూయేలు 19వ అధ్యాయంలో ఉంది. షిమీ గురించి, బర్జిల్లయి గురించి ఎన్నో ప్రసంగాలు చేశాను. రాజు ఇంటివారిని దాటించడానికి పడవ వెళ్లిందని అక్కడే ఉంది. దాన్ని నడిపినవాళ్లెవరని ఏనాడూ ఆలోచించలేదు.

మొన్న బుధవారం మళ్లీ నా ముందే పలక లేచింది. వెనక కుర్రాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. నేను స్టాండు వేసి దిగాను.