తీరిక పని కాదు, కూలి పని

గ్రీటింగ్ కార్డుల తయారీ నేర్పిస్తామంటే మన ప్రాంతంలో ఆడవాళ్లు ఎందుకు వస్తారో ఊహించడం కష్టం కాదు. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తీతలు, సంక్రాంతి దాటాక మిరప కోతలు, ఆపైన కల్లాల్లో తాలు ఏరడం, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీయడం - ఇదీ వాళ్ల బతుకు. ఎండ, ఘాటు, చేతుల మంట. వేసవి ముదిరాక మళ్లీ వానలు పడేదాకా చాలా ఊళ్లలో పనే ఉండదు. అలాంటి చోట నీడపట్టున కూర్చుని కాగితం కోసి, అచ్చు వేసి, రంగు అద్ది నాలుగు డబ్బులు సంపాదించవచ్చంటే ఎవరు కాదంటారు?

నా అభ్యంతరం ఆ పని మీద కాదు. ఆ పనికి మనం పెట్టిన పేరు మీద. 'తీరిక వేళల్లో అదనపు ఆదాయం' అంటున్నాం. ఆ మాటతోనే కూలి సగానికి తెగిపోతోంది.

పని ఎలా జరుగుతుందో చూడండి. పదునైన ఉక్కు పట్టీని పువ్వులాగానో, పిచ్చుకలాగానో వంచి చెక్కలో బిగిస్తే అది డై. దాని మీద కార్డు పెట్టి, హ్యాండిల్ తిప్పుతూ రెండు రోలర్ల మధ్య నుంచి పంపితే ఆ ఆకారం తెగుతుంది. తర్వాత మడత గీత వేయాలి. రబ్బరు స్టాంపునో చెక్క అచ్చునో ఇంకు ప్యాడ్ మీద అద్ది కార్డు మీద సమంగా నొక్కాలి. పత్తి గుడ్డ పీలికలతో చేసిన చేతి కాగితం ఇంకును పీల్చుకుంటుంది. కాస్త ఎక్కువైతే గీతలు అలుక్కుపోతాయి, తక్కువైతే బొమ్మ సగమే పడుతుంది. ఆరేదాకా ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు. ఆరాక అతికించడం, కవరు మడవడం, లెక్కపెట్టి కట్ట కట్టడం. కాగితాలు ఎగిరిపోతాయని ఎండాకాలంలో ఫ్యాను కూడా ఆపి చేస్తారు. రోజంతా వంగి కూర్చుంటే మెడ, నడుము, మణికట్టు నొప్పులు. దీన్ని సరదా పని అనేది చేయనివాళ్లే.

నేను చూసిన ఒక శిక్షణ కేంద్రంలో కార్డుకు ఇంత అని ఇస్తున్నారు. ఆ 'ఇంత' ఎలా తేలిందని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. "మిరపకాయలకైతే తూకం ఉంటుంది మేడం, దీనికి తూకం ఏముంది?" అంది అక్కడ పనిచేసే ఒకామె. తూకం ఉంది. అది కాలం. మొదటి కోత నుంచి కట్ట కట్టేదాకా ఒక కార్డుకు 12 నిమిషాలు పడుతుందనుకుందాం. గంటకు 5, ఎనిమిది గంటలకు 40 కార్డులు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి రేటు 300 రూపాయలు. ఆ లెక్కన కార్డుకు 7 రూపాయల 50 పైసలు పడాలి. 2 రూపాయలు ఇస్తే ఆమె రోజంతా కష్టపడి ఇంటికి తీసుకెళ్లేది 80 రూపాయలు. ఇవి ఉదాహరణకు చెప్పిన అంకెలు. మీ కేంద్రంలో గడియారం పెట్టి మీరే చూసుకోండి. పాడైన కార్డుల సంగతి మరీ అన్యాయం. మిర్చి యార్డులో తాలుకాయకు కూడా ఒక ధర పలుకుతుంది. ఇంకు అలుక్కున్న కార్డు చేసినామెకు మాత్రం పైసా రాదు. కాగితం నాసిరకమైనా, డై మొద్దుబారినా ఆ నష్టం ఆమెదే.

ఇది కొత్త కథ కాదు. నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. వాళ్లు అల్లిన లేసు విదేశాలకు ఎగుమతయ్యేది. వ్యాపారులు బాగుపడ్డారు. అల్లినవాళ్లు మాత్రం లెక్కల్లో గృహిణులుగానే మిగిలారు, వాళ్ల శ్రమ తీరికవేళ కాలక్షేపంగానే మిగిలింది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకుకు గుర్తింపు రావడం, అల్లే మనిషికి కూలి రావడం ఒకటి కాదు.

చట్టం ఏమంటోంది? 1948 కనీస వేతనాల చట్టం, సరుకు బయటికి తీసుకెళ్లి చేసి ఇచ్చేవాళ్లను కూడా ఉద్యోగుల నిర్వచనంలో చేర్చింది. 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టం స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ నిర్వచనంలో ఆ మాట విడిగా లేదు. సామాజిక భద్రత కోడ్ మాత్రం, పరికరాలూ సరుకూ యజమాని ఇచ్చినా ఇవ్వకపోయినా, ఇంట్లో కూర్చుని అతని కోసం పనిచేసే మనిషిని గృహ ఆధారిత కార్మికురాలిగానే చూస్తుంది. ఇంటి నుంచి పనిచేసేవారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒప్పందాన్ని 1996లో ఆమోదించింది. దానికోసం పోరాడిన వాళ్లలో మన దేశపు 'సేవా' సంఘం ముందుంది. భారత ప్రభుత్వం మాత్రం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు.

"మాది వ్యాపారం కాదు, వాళ్లు మా దగ్గర కూలీలు కాదు, సంఘ సభ్యులు" అని స్వచ్ఛంద సంస్థల మిత్రులు అంటారు. దూబగుంట నుంచి లేచిన 1992 సారా ఉద్యమం తర్వాత ఊరూరా పెరిగిన పొదుపు సంఘాల మీద నాకు గౌరవం ఉంది. కానీ మూడు ప్రశ్నలు వేసుకుందాం. డై, అచ్చులు ఎవరి పేరు మీద ఉన్నాయి? కార్డు ధర ఎవరు నిర్ణయిస్తున్నారు? కొనేవాళ్లతో ఎవరు మాట్లాడుతున్నారు? మూడింటికీ జవాబు 'సంఘం' అయితే ఆ స్త్రీలు యజమానులు. 'సంస్థ' అయితే వాళ్లు కార్మికులు, మనం యజమానులం. మన ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ఈ సంబంధం మారదు. యునిసెఫ్ 1949 నుంచి, 1979లో పుట్టిన 'క్రై' తొలినాళ్ల నుంచి మంచి పనుల కోసం కార్డులు అమ్మాయి. ఆ దారిలో నడిచే మనం, విరాళం ఇచ్చేవాళ్లకు లెక్క చెప్పినట్టే కార్డు చేసేవాళ్లకూ లెక్క చెప్పాలి.

ఇంకొక మాట. కార్డుల మీద వేసే తామరలు, మెలికలు చాలావరకు మన స్త్రీలు సంక్రాంతికి వాకిట్లో వేసే ముగ్గులే. ఒకామె కొత్తగా గీసిచ్చిన నమూనాతో డై చేయించి వేల కార్డులు తీస్తారు. కార్డు వెనక సంస్థ పేరు ఉంటుంది, కింద 'గ్రామీణ పేద మహిళల చేతిపని' అని ఉంటుంది. ఆమె పేరు ఉండదు. ఆమె పేదరికాన్ని అచ్చు వేసినవాళ్లకు ఆమె పేరు వేయడానికి చోటు దొరకలేదా?

కూలి పెంచితే కార్డు అమ్ముడుపోదని భయపెడతారు. ఫోన్లలో శుభాకాంక్షలు పంపుకోవడం మొదలయ్యాక కార్డుల గిరాకీ పడిపోయిన మాట నిజమే. అయితే ఇవాళ చేతితో చేసిన కార్డు కావాలని వచ్చేవాళ్లు చవక కోసం రావడం లేదు. చవక కార్డులు శివకాశి యంత్రాల మీద వస్తాయి, వాటితో మనం పోటీ పడలేం. ఆడవాళ్ల కూలి కోస్తే తప్ప నిలవని పథకమైతే, ఆ సంగతి శిక్షణ మొదలుపెట్టకముందే వాళ్లకు చెప్పాలి.

కాబట్టి సంస్థలన్నీ ఈ కనీస పనులు చేయాలని కోరుతున్నాను. గడియారం పెట్టి కాలం కొలిచి రేటు కట్టాలి. రేటు గోడ మీద రాసి ఉంచాలి. పరికరాల లోపం వల్ల పాడైన కార్డుకూ కూలి ఇవ్వాలి. శిక్షణ పేరుతో నెలల తరబడి ఉచితంగా పని చేయించుకోవడం ఆపాలి. నమూనా గీసినామెకు పేరు, పైకం రెండూ ఇవ్వాలి. వచ్చే సంఘ సమావేశానికి ఆర్డర్ల పుస్తకం, ఖర్చుల పుస్తకం తీసుకెళ్లి, కార్డు ఎంతకు అమ్మామో, అందులో ఎవరికి ఎంత పోయిందో అందరి ముందూ చదివి వినిపించాలి. ఆ తర్వాత రేటు సంగతి వాళ్లే మాట్లాడతారు.