కోసిగి మస్టరు, ఢిల్లీ సంతకం

కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శి గారికి,

కర్నూలు జిల్లా కోసిగిలో ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక, లేదా చేలోనే ఎండిపోయాక, చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు మిగులుతారు. తక్కినవాళ్లు పిల్లాజెల్లా, మూటాముల్లెతో మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపో, పత్తి తీయడానికి తెలంగాణకో పోతారు. ఇక్కడ దాన్ని సుగ్గికి పోవడం అంటారు. కేంద్రం ఇచ్చే ఉపాధి పనికి ఇక్కడి పేరు కరువు పని. ఈ రెంటిలో ఏదో తేల్చుకోవలసిన ఇంటికి కూలి ఎంత అన్నదానికంటే ఎప్పుడు చేతికొస్తుందన్నదే పెద్ద లెక్క. మిరప చేలో డబ్బు అడగడానికి ఎదురుగా రైతు ఉంటాడు. కరువు పని బిల్లు పడకపోతే ఎవరిని అడగాలి?

మేట్ ఫీల్డ్ అసిస్టెంట్‌ను చూపిస్తాడు. ఫీల్డ్ అసిస్టెంట్ మండలాఫీసును చూపిస్తాడు. మస్టరు ఎప్పుడో పంపించామని అక్కడివాళ్లంటారు. అది నిజమే కావచ్చు. కూలి రెండు అంచెల్లో కదులుతుంది: రాష్ట్రం చెల్లింపు ఉత్తర్వు తయారుచేయడం ఒకటి, కేంద్రం ఆమోదించి ఖాతాలో వేయడం రెండోది. పదిహేను రోజులు దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉన్నా, మొదటి అంచె ఆలస్యాన్నే లెక్కగట్టారు. ఢిల్లీలో ఆగిన రోజులకు లెక్కే లేదు. 2018 మే 18న స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని తప్పుబట్టింది. డబ్బు ఏ అంచెలో ఆగిందన్నదానితో కూలివాడికి పనిలేదని తేల్చింది.

2023 జనవరి 1 నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో తప్పనిసరి చేశారు. కోసిగి గుట్టల్లో గడ్డపార పట్టిన మనిషి బొమ్మ ఆ రోజే ఢిల్లీకి చేరాలి. ఆ మనిషి మాట మాత్రం అంత తొందరగా చేరే దారి లేదు.

కింది మాట పైన చెల్లకపోవడం ఈ నేలకు పాత అనుభవం. 1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్లు గుడారాల్లో తిరిగాడు. తాను వేయించిన శిస్తే రైతుకు బరువైందని గ్రహించి, నాలుగో వంతు తగ్గించమని 1807లో మద్రాసుకు రాశాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరయ్యాక గాని ఆ తగ్గింపు రాలేదు. పదమూడేళ్లు! రాసినవాడే గవర్నరు కాకపోయి ఉంటే ఆ కాగితం ఏమయ్యేదో. 1827 జూలై 6న కలరాతో ఆయన కన్నుమూసింది ఇదే జిల్లాలోని పత్తికొండలో.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. వంద రోజులు 125 అయ్యాయి, మంచిదే. అయితే ఇంతకాలం కూలి ఖర్చంతా కేంద్రానిదే. ఇక అరవై వంతులు కేంద్రానివి, నలభై రాష్ట్రానివి. బిల్లు పడనప్పుడు ఒకరినొకరు చూపించుకోవడానికి ఇప్పుడు రెండు ఖజానాలున్నాయి. పైగా వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో అరవై రోజుల దాకా ఉపాధి పని ఆపవచ్చు. గుంటూరులో మిరపకోత ముమ్మరంగా ఉన్నప్పుడు కోసిగి చేలు ఖాళీగా ఉంటాయి. ఇక్కడ అప్పుడే పని ఆపితే ఊరంతటినీ సుగ్గికి సాగనంపినట్టే.

మీ శాఖ కార్యదర్శిగానే 1992లో పదవీ విరమణ చేసిన ఎస్.ఆర్. శంకరన్ ఆంధ్రప్రదేశ్ కేడర్ అధికారి. వెట్టి కూలీల విముక్తి కోసం ఆయన పడిన తపన ఇక్కడ ఇంకా తలచుకుంటారు. ఆయన కూర్చున్న కుర్చీ నుంచి కోసిగి కోరుతున్నది పెద్దదేమీ కాదు. విరామం రోజులు మండలాన్నిబట్టి నిర్ణయించేలా రాష్ట్రాలకు చెప్పండి. ఆలస్యమైన ప్రతి రోజుకూ, అది ఢిల్లీలో ఆగినదైనా సరే, పరిహారం కట్టండి. డబ్బు ఎక్కడ ఆగిందో, ఎవరి సంతకం కోసం ఆగిందో తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించండి. నవంబరు రాకముందే, తాళాలు పడకముందే.